చక్కెర గిన్నె

తెల్లవారుజాము అనడానికి లేదు,
జూన్‌లో బోలుంగర్‌విక్‌కి చీకటే పడదు.
గడియారం మాత్రం నాలుగంది.
ఓడ్నీ అత్త నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి
"ముందు ఆ జీన్సు విప్పు" అంది.
"తడిసిన నూలుబట్ట అప్పులవాడి లాంటిది,
ఎక్కిందంటే దిగదు.
ఒంట్లో వేడంతా వడ్డీ కింద లాక్కుపోతుంది."

కుర్చీ మీద అన్నీ ఉన్నివే.
ఒంటికి అతుక్కునేదొకటి, దాని మీద వదులుదొకటి,
ఆపైన తన పాత స్వెటరు,
మోచేతుల దగ్గర వేరే రంగు అతుకులతో.
మెడ దగ్గర గుచ్చుకుంటోందన్నాను.
"గుచ్చుకోనీ. నిద్ర రాకుండా ఉంటుంది."

బూట్లు ఒక సైజు పెద్దవి.
నీళ్లలో పడితే ఒక్క తన్నుకి ఊడిపోవాలట.
పైన వేసుకునే రబ్బరు కోటు నారింజ రంగు.
నాకు నప్పదన్నాను.
"నప్పడానికి కాదే,
వెతకడానికి."

ఆ మాటకి ఇద్దరం కాసేపు
సంచి వైపు చూశాం.

సంచిలో ఎండు చేప, డబ్బాలో వెన్న,
మెలితిప్పి వేయించిన క్లైనుర్‌లు పన్నెండు,
ఫ్లాస్కు నిండా కాఫీ.
నేను కాఫీ తాగనుగా?
"పదింటికల్లా తాగుతావు."
రొట్టె కవర్లో చుట్టి రెండు జతల మేజోళ్లు.
ఒకటి నాకు,
ఒకటి తెచ్చుకోవడం మర్చిపోయినవాడికి.
"ప్రతి పడవలో ఒకడుంటాడు. వాడి పేరు అడగకు, ఇచ్చెయ్."

చేతి తొడుగులకి రెండేసి బొటనవేళ్లు!
పిల్లలాటకి అల్లిందేమో అనుకున్నాను.
"తాడు లాగీ లాగీ అరచెయ్యి అరుగుతుంది.
అప్పుడు తిప్పి తొడుక్కో,
చేతివీపు అరచెయ్యవుతుంది.
మనుషులకీ ఇలా ఒక ఏర్పాటుంటే బాగుండు" అని
తనలో తానే నవ్వుకుంది.

కత్తి నడుముకి తనే కట్టింది, ముడి రెండుసార్లు లాగి చూసింది.
"తాడు కాలికి చుట్టుకుంటే ఆలోచించకు, కోసెయ్.
తాడు ఖరీదు థోర్కెల్‌కి నేనిస్తాను.
కక్కొస్తే సిగ్గుపడకు,
గాలి ఎటు వీస్తోందో మాత్రం చూసుకో.
ఈల వెయ్యకు.
జడ స్వెటర్ లోపలికి.
ఉంగరం తీసెయ్."

పదహారో పుట్టినరోజుది, వెండి ఉంగరం.
ఇది కూడానా అన్నట్టు చూశాను.
అత్త ఏమీ అనలేదు.
కాఫీ మూత బిగిస్తోంది ఎడమచేత్తో.
ఆ చేతికి ఉంగరపు వేలు సగమే ఉంటుంది.
నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అంతే,
ఎప్పుడూ అడగలేదు.
ఇవాళా అడగలేదు.
ఉంగరం తీసి చేతికందిన చక్కెర గిన్నెలో వేశాను.

అప్పుడు మోగింది ఫోను.
థోర్కెల్ గొంతు వంటిల్లంతా వినిపించేంత పెద్దది.
గాలి వాయవ్యానికి తిరిగిందట,
చిన్న పడవలేవీ రేవు దాటడం లేదట,
సోల్‌రూన్‌ని మళ్లీ పడుకోమనండి అన్నాడు.

ఎలుగుబంటిలా నిలబడ్డాను వంటింటి మధ్యలో.
వీపు మీద చెమట కారుతోంది.
"విప్పెయ్యనా?"
"కూర్చో ముందు."

నారింజ కోటుతోనే కూర్చున్నాను.
పడవ భోజనం బల్ల మీద పరిచింది అత్త.
ఎండు చేప చీల్చి వెన్న రాసి నాకొకటి, తనకొకటి.
కిటికీ అవతల సముద్రం
పాలు పొంగినట్టు తెల్లగా పొంగుతోంది,
దింపేవాళ్లు లేరు.
పదిదాకా ఆగలేదు,
అయిదుంపావుకే తాగాను కాఫీ.
చేదు.
రెండో కప్పులోకి చక్కెర తీసుకుంటుంటే
చెంచాకి ఉంగరం తగిలి ఖంగుమంది.

"ఉండనీ" అంది అత్త, తల ఎత్తకుండానే.
"రేపు గాలి తగ్గుతుంది."